కాక చెప్పిన మాట, నేను తర్జుమా చేసిన మాట

సూరత్ జైల్లో నాకొక పని ఉండేది. ఎవరూ అప్పగించలేదు, నేనే నెత్తిన వేసుకున్నాను. పెరోల్ అడగడానికి కమిటీ ముందు నిలబడే ఖైదీలకు ఏం మాట్లాడాలో నేర్పేవాణ్ణి. ఇంటర్ దాకా చదివాను. సూరత్‌లోని ఉధ్నాలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, ఏళ్ళ తరబడి పనిచేసినందువల్ల హిందీ, గుజరాతీ రెండూ నోటికి పట్టాయి. మా బ్యారక్‌లో ఉన్న తెలుగువాళ్ళలో చాలామందికి హిందీ అర్థమయ్యేది గానీ, పెద్దవాళ్ళ ముందు నిలబడితే నాలుక మడతపడేది. అందుకని నా దగ్గరికి వచ్చేవాళ్ళు.

నేను అందరికీ ఒకే పాఠం చెప్పేవాణ్ణి. ఆ రోజు ఆవేశంలో ఉన్నాను. ఏం జరుగుతోందో తెలిసేలోపే జరిగిపోయింది. పశ్చాత్తాపంతో కుమిలిపోతున్నాను. ఇంటికి నేనే దిక్కు. ఒక్క అవకాశం ఇవ్వండి. ఇంటికి నేనే దిక్కు అన్నచోట గొంతు కాస్త తగ్గించాలని, ఆ తర్వాత తల దించుకోవాలని కూడా చెప్పేవాణ్ణి. దొంగతనం చేసినవాడికీ ఇదే, మనిషిని పొడిచినవాడికీ ఇదే. నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాడొకడు నన్ను చూసినప్పుడల్లా ఎగతాళి చేసేవాడు.

"ఏమన్నా, ఏడుపు మాస్టరూ! నా సైజుకు ఏమన్న ఏడుపు ఉన్నదా, లేకుంటే కొలత తీసుకొని కుడుతవా?"

అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. ఆ పాఠాన్ని మొదట కుట్టుకున్నది నా కోసమేనన్న సంగతి వాళ్ళకు తెలియదు.

ఉధ్నాలో మేం ఉండే గదిలో పగటి పాళీ వాళ్ళు రాత్రి పడుకునేవాళ్ళు, రాత్రి పాళీ వాళ్ళు పగలు పడుకునేవాళ్ళు. పాళీ అంటే షిఫ్టు. ఒకే పరుపు ఇద్దరిది. నా పరుపులో సగం వాటా ఉన్న మనిషితో ఒకరోజు పనికిమాలిన విషయానికి గొడవపడ్డాను. పై అంతస్తులో ఉన్న ఆ గది ముందు సన్నటి వసారా, దానికి నడుమెత్తు పిట్టగోడ కూడా లేదు. అక్కడ నిలబడి ఉన్నవాణ్ణి నెట్టాను. కిందపడి చనిపోయాడు. కాలు జారిందని పోలీసులకు చెప్పాను, కోర్టులో చెప్పాను, ఊరి నుంచి వచ్చిన వాడి అన్నకు చెప్పాను. చూసినవాళ్ళు సాక్ష్యం చెప్పడంతో శిక్ష పడింది. అయినా ఆ మాట వదల్లేదు. జైలుకు వచ్చాక దానికి పశ్చాత్తాపం, కుమిలిపోవడం తగిలించాను. కాలు జారడం మాత్రం అలాగే ఉంచుకున్నాను.

కరోనా వచ్చాక నా పాఠానికి గిరాకీ పెరిగింది. జైళ్ళలో జనాన్ని తగ్గించాలని పైనుంచి ఆదేశాలు వచ్చాయి. ములాఖాత్‌లు ఆగిపోయాయి, ఇంటివాళ్ళ ముఖాలు చూడక నెలలు గడిచాయి. కొత్తగా వచ్చినవాళ్ళను వేరే బ్యారక్‌లో ఉంచేవాళ్ళు. కమిటీవాళ్ళు కూడా జైలుకు రావడం మానేసి, ఆఫీసు గదిలో బల్లమీద పెట్టిన తెరలో కనిపించేవాళ్ళు. మాస్కు కట్టుకున్న ఖైదీ ఆ తెర ముందు నిలబడి నా పాఠం అప్పజెప్పేవాడు. సగం మాటలు మాస్కులోనే ఉండిపోయేవి. అవతలి నుంచి, మాట వినబడటం లేదు, మళ్ళీ చెప్పు అనేవాళ్ళు. మళ్ళీ చెప్పేసరికి వాడు గొంతు ఎక్కడ తగ్గించాలో మరిచిపోయేవాడు.

కాక నా దగ్గరికి వచ్చింది రెండో విడత కరోనా ఉధృతంగా ఉన్న రోజుల్లో. నిజానికి ఆయన రాలేదు, నేనే వెళ్ళాను.

అందరూ ఆయన్ని కాక అనేవాళ్ళు. సిరిసిల్ల వైపు నేతపని వాళ్ళు. చిన్నతనంలోనే సూరత్ వచ్చి, సాంచాల చప్పుడులోనే జుట్టు తెల్లబడ్డ మనిషి. సొంత బామ్మర్దిని కొట్టి చంపిన కేసులో శిక్ష పడింది. జైల్లో దుప్పట్లు నేసే షెడ్డు ఉంది, అందులో పనిచేసేవాడు. నేను కూడా అక్కడే కండెలు చుట్టేవాణ్ణి. కాక గుడ్డ నేస్తున్నప్పుడు ఎక్కడైనా పోగు తెగి లోపం పడితే, మగ్గం ఆపి, అతుకు వేసి, ఆ లోపం మొదలైన చోట గుడ్డ అంచుకు ఒక ఎర్ర దారం ముక్క ముడివేసేవాడు.

"జైల్ల గూడ గిదెందుకు కాకా? ఇక్కడ ఎవడు చూస్తడు?" అని అడిగాను ఒకసారి.

"చూసేటోనికి తొవ్వ దొరకాలె గద బిడ్డా. లేకుంటే గుడ్డంత ఇప్పి దేవులాడాలె. పైంగ రెండో పాళీల వేరేటోడు ఇదే మగ్గం మీద కూసుంటడు. నా ఖరాబు వాని నెత్తిమీద పడొద్దు."

సాంచాల మీద పనిచేసినవాళ్ళకు ఇందులోని సంగతి తెలుసు. ఒకే సాంచ మీద పగలు ఒకడు, రాత్రి ఒకడు. మధ్యలో గుడ్డ తెంపరు, అలా సాగుతూనే ఉంటుంది. తాకా దిగాక, అంటే నేసిన గుడ్డ చుట్ట దిగాక, తనిఖీలో లోపం కనిపిస్తే అది ఏ పాళీలో పడిందో తేలదు. షెడ్డును చూసుకునే మాస్టర్ ఎవడు దొరికితే వాణ్ణి తిడతాడు. అందుకే పాళీ దిగే వేళకు పోగు తెగితే, చూడనట్టు వెళ్ళిపోవడం మాలో చాలామందికి అలవాటు. నేనూ చేశాను. తన లోపానికి తానే గుర్తు కట్టుకునే మనిషిని నేను సూరత్‌లో కాక ఒక్కణ్ణే చూశాను. బయట సాంచాల షెడ్లో పనిచేసినప్పుడు కూడా ఆయనకు నియతి మనిషి, అంటే నిజాయితీపరుడు, అన్న పేరు ఉండేదట. ఆయన నేసిన తాకాను సరిగా విప్పి కూడా చూసేవాళ్ళు కాదని చెప్పుకునేవాళ్ళు.

ఆ రోజుల్లో కాక భార్యకు కరోనా వచ్చిందని, ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించారు గానీ నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతోందని పక్కింటివాళ్ళు జైలుకు ఫోన్ చేశారు. ఆమెకు తోడుగా ఉన్నది ముసలి తల్లి ఒక్కతే. చీరలకు చమ్కీలు అతికించే పని చేసుకుని బతుకుతున్నారు, ఆ పనీ ఆగిపోయింది. కాక పెరోల్‌కు పెట్టుకున్నాడు. కాక భార్య చనిపోయిన ఆ బామ్మర్దికి సొంత అక్క. తమ్ముడు పోయినప్పటి నుంచి ఆమె ఒక్కసారి కూడా ములాఖాత్‌కు రాలేదు. ఆ ముసలితల్లి చనిపోయినవాణ్ణి కన్నతల్లి.

ఇలాంటి కేసులో సరిగా మాట్లాడకపోతే పెరోల్ రాదని నాకు భయం వేసింది. షెడ్లో ఆయన పక్కన కూర్చుని పాఠం మొదలుపెట్టాను. ఆయన చేతిపని ఆపకుండా అంతా విన్నాడు. నేను చెప్పమంటే తిరిగి చెప్పాడు కూడా, బడిలో పిల్లాడిలా.

"మంచిగనే ఉన్నది. ఎవలిది ఇది?" అన్నాడు.

"నీదే కాకా. నువ్వే చెప్పాలె."

"నాది గాదు బిడ్డా. నీది. నీకు మంచిగ సూటయితది."

"కాకా, ఇంట్ల చిన్నమ్మ ఊపిరాడక పండుకున్నది. ఇప్పుడు పంతాలకు పోతే ఎట్ల?"

"పంతమేంది? నేను నా తెలుగుల జెప్త. నువ్వు పక్కన నిలబడి హిందీల జెప్పు. సాబ్‌ను అడిగిన, సరే అన్నడు."

అలా నేను తర్జుమా చేయడానికి ఆఫీసు గదిలోకి వెళ్ళాను. తెర మీద ముగ్గురు ఉన్నారు. మధ్యలో ఉన్న మేడమే ఎక్కువ మాట్లాడేది. గదిలో జైలు ఆఫీసరు, గుమాస్తా, కాక, నేను. మేడం, నీ నేరం గురించి నువ్వేమనుకుంటున్నావు అని అడిగింది. ఆ ప్రశ్నకు నా పాఠంలో జవాబు మొదటి వాక్యం.

కాక మాస్కు కిందికి లాగి, తెర వైపు కాకుండా బల్ల వైపు చూస్తూ, "ఆ పొద్దు నా పాళీల పోగు తెగింది మేడం. నేను చూసిన. సాంచ ఆపలే" అన్నాడు.

హత్య గురించి అడిగితే పోగు గురించి చెప్పడమేమిటి అనుకున్నాను. ఈయన్ని ఇలా వదిలేస్తే మునిగిపోతాడని, నేను హిందీలో మొదలుపెట్టాను. ఆ రోజు ఆయన చాలా ఆవేశంలో ఉన్నాడు మేడం, ఏం జరిగిందో తెలిసేలోపే...

కాక నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"నేను గట్ల అన్ననా?"

కాకకు హిందీ మాట్లాడటం సరిగా రాకపోవచ్చు. ఇన్నేళ్ళు సూరత్‌లో ఉన్న మనిషికి అర్థం కాకుండా ఉంటుందా? ఆ మాత్రం నాకు తట్టలేదు.

"నేను జెప్పిందే జెప్పు బిడ్డా. జర తక్కువున్నా పర్వాలేదు."

మేడం ఏమైందని అడిగింది. తర్జుమా తప్పు చేశానని చెప్పాను. జైలుకు వచ్చాక నేను పెద్దవాళ్ళ ముందు ఒప్పుకున్న మొదటి తప్పు అదే. ఆమె కోప్పడలేదు. ఆయన అన్నది అన్నట్టే చెప్పు అంది. అక్కడి నుంచి కాక ఒక్కో మాట ఆగి ఆగి చెప్పాడు, నేను ఒక్కో మాట వెనకాలే నడిచాను.

"పగటి పాళీ నాది, రాత్రి పాళీ మా బామ్మర్దిది. ఒక్క సాంచ మీదనే ఇద్దరం. ఆ పొద్దు పాళీ దిగే యాళకు పోగు తెగితే, రాత్రోడు చూసుకుంటడని పోయిన. అంచుకు దారం గూడ కట్టలే. ఎప్పుడు కట్టేటోన్ని, ఆ దినం కట్టలే. నా ఖరాబు వాని మీద పడ్డది. మాస్టర్ వాన్ని అందరి ముంగట తిట్టిండు, పనిల కెల్లి తీసేస్త అన్నడు. తెల్లారి వాడు నా దగ్గరికొచ్చి మెల్లగ అడిగిండు. 'బావా, అది నీదే గద. జర మాస్టర్‌కు నువ్వే జెప్పు' అన్నడు. గంతే. తిట్టలే. చెయ్యి లేపలే. కోర్టుల మా వకీలు వాడే ముందుగాల కొట్టిండని జెప్పిండు. నేను పక్కన నిలబడి ఊకున్న. అది అబద్ధం. షెడ్డంత నన్ను నియతి మనిషి అంటరు. ఆ పేరు వీని చేతుల పోతదని నాకు కోపమొచ్చింది. పక్కన సాంచకు బిగించే కట్టె ఉండె. తీసి కొట్టిన. మొదటి దెబ్బకే పడ్డడు. పడ్డంక గూడ కొట్టిన."

హిందీలో చెబుతుంటే చివరి వాక్యం దగ్గర నా గొంతు ఆగింది. ఇన్నాళ్ళూ గొంతు తగ్గించమని అందరికీ నేర్పినవాణ్ణి. అక్కడ నేను తగ్గించలేదు, అదే పడిపోయింది.

ఆయన పశ్చాత్తాపం అనే మాట వాడలేదు. క్షమించమని అడగలేదు. దెబ్బ నుంచి మొదలుపెట్టడం మేమందరం చేసే పని. దెబ్బ దగ్గర మొదలుపెడితే ఆవేశం అనొచ్చు, తాగి ఉన్నాననొచ్చు, వాడే రెచ్చగొట్టాడనొచ్చు. కాక ఆ ముందురోజు సాయంత్రానికి వెళ్ళి, ఎవరూ చూడని చోట, ఎవరూ అడగని చోట మొదలుపెట్టాడు. ఆ పోగు సంగతి పోలీసు కాగితాల్లో లేదు, తీర్పులో లేదు. చెప్పకపోతే ఆయనతోనే పోయేది. ఇన్నేళ్ళలో నేను విన్న మాటల్లో అంత ధైర్యమైన మాట ఇంకొకటి లేదు.

మేడం కాసేపు కాగితాలు తిప్పింది. "కోర్టులో చెప్పనిది ఇప్పుడు చెబుతున్నావు. దీనివల్ల నీకు నష్టం కావచ్చని తెలుసా?" అంది.

"తెలుసు."

"ఇంటికెందుకు వెళ్ళాలనుకుంటున్నావు?"

"నా ఆడామె పానం బాగలేదు. నీళ్ళు తెచ్చెటోళ్ళు లేరు."

"ఆమె నిన్ను రమ్మందా?"

"అనలే. ఆమె నాతోని మాట్లాడక ఏండ్లయితుంది. తలుపు తియ్యకపోతే అది ఆమె ఇష్టం. మెట్ల మీద కూసుంట. మందులు, నీళ్ళు గడప కాడ పెడత."

పెరోల్ ఇవ్వాలంటే ఉండే చోటు ఉండాలి, ఇంటివాళ్ళు ఒప్పుకోవాలి. నేను చెప్పిన పాఠంలో ఇంటివాళ్ళు ఎదురుచూస్తూ ఉంటారు. కాక ఆ చోటును తన నోటితోనే పోగొట్టుకున్నాడని నాకు అనిపించింది. మేడం ఆఫీసరుతో, ఇప్పుడే ఆమెకు ఫోన్ చేయండి అంది. గుమాస్తా ఫోన్ కలిపి బల్ల మీద పెట్టాడు. మోగింది, మోగింది. చివరికి ఊపిరి చప్పుడు ముందు వినిపించింది, తర్వాత గొంతు.

ఆఫీసరు హిందీలో విషయం చెప్పాడు. సూరత్‌లో పెరిగిన మనిషి, ఆమెకు హిందీ బాగానే వచ్చు. అయినా తెలుగులో, "అక్కడ తెలుగోళ్ళు ఎవలన్న ఉన్నరా?" అని అడిగింది.

నేనున్నాను చిన్నమ్మా అన్నాను.

"ఏం జెప్పిండు? కోర్టుల జెప్పినట్టేనా?"

కాక నా వైపు చూడలేదు. నేను ఆయన చెప్పింది చెప్పినట్టు, వరసగా, ఆమెకు చెప్పాను. పోగు, దారం, మాస్టర్ తిట్టడం. మీ తమ్ముడు చెయ్యి లేపలేదని చెప్పిండు అన్నప్పుడు అవతల దగ్గు మొదలైంది. చాలాసేపు దగ్గింది. పక్కనుంచి ఎవరో ముసలామె, ఏందే, ఎవలే, అంటోంది.

"రమ్మనుండ్రి," అంది చివరికి. "మా అమ్మ ఈడనే ఉన్నది. ఆమె ముంగట గూడ గిదే మాట జెప్పాలె. జెప్పకపోతే మల్ల పొమ్మంట."

కాక తల ఊపాడు. మళ్ళీ ఊపాడు.

"కాకా, తలకాయ ఊపితే ఆమెకు కనబడది. నోటితోని జెప్పు" అన్నాను.

"జెప్త," అన్నాడు ఫోన్ మీదికి వంగి. "జెప్త."

కొన్నాళ్ళకు కాగితం వచ్చింది. కాకకు పెరోల్ ఇచ్చారు. ఆయన చెప్పిన నిజం పనిచేసిందో, ఆమె ఒప్పుకోవడం పనిచేసిందో, జైల్లో జనాన్ని తగ్గించాలన్న ఆదేశం పనిచేసిందో నాకు తెలియదు. నిజం చెబితే వదిలేస్తారని రాయడానికి నా దగ్గర రుజువు లేదు. ఎందుకంటే కాక బయట ఉన్న రోజుల్లోనే నా వంతు వచ్చింది.

అదే తెర, అదే మేడం. ఆమె నన్ను గుర్తుపట్టింది. నువ్వు ఆ రోజు తర్జుమా చేసినవాడివి కదా అంది. అదే ప్రశ్న అడిగింది. పాఠం నోట్లోకి వచ్చింది, అలవాటు ఊరికే పోదు. దాన్ని మింగి, నేను నెట్టాను అన్నాను. కాలు జారలేదు మేడం, నేనే నెట్టాను. వసారాకు పిట్టగోడ లేదని నాకు తెలుసు. ఏళ్ళుగా ఉన్న గది అది. తెలిసే నెట్టాను.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

దీనికి నేనెప్పుడూ ఎవరికీ జవాబు నేర్పలేదు. భయమైంది అన్నాను. ఇంకేదో కలపాలని చూశాను, రాలేదు. చనిపోయినవాడి అన్న అభ్యంతరం తెలిపాడని, నన్ను వదలడం ఇప్పుడు కుదరదని తర్వాత చెప్పారు. ఆ అన్న అభ్యంతరం న్యాయమైనదే. నేను ఆయనకు కూడా కాలు జారిందనే చెప్పాను. బ్యారక్‌లోకి వస్తుంటే నిజామాబాద్‌వాడు, "ఏమాయె మాస్టరూ, మన దుకాణం మనకే నడ్వలేదా?" అన్నాడు. నడవలేదన్నాను. ఈసారి వాడు నవ్వలేదు. పక్కన కూర్చోమని చాప జరిపాడు.

ఆ తర్వాత కూడా నా దగ్గరికి కొందరు వచ్చారు. పాఠం చెప్పడం మానేశాను. ఊరికే కూర్చుని, అంతకుముందు ఏమైంది అని అడిగేవాణ్ణి. కొందరు లేచిపోయేవాళ్ళు. కొందరు చాలాసేపు మాట్లాడేవాళ్ళు. కతర్‌గామ్‌లో వజ్రాలు సానబట్టే పని చేసిన ఒకాయన, దోస్తులు చెడగొట్టారని ఏళ్ళుగా చెబుతున్నవాడు, ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి, దోస్తుల్ని ఇంటికి పిలిచింది నేనే అన్నాడు. ఆ ఒక్క మాట చెప్పి లేచి వెళ్ళిపోయాడు. నాకు అలాంటివాళ్ళంటే గౌరవం. జైలు బయట నాకు తెలిసిన పెద్దమనుషుల్లో ఆ పాటి మాట అన్నవాళ్ళు తక్కువ.

గడువు పూర్తయ్యాక కాక చెప్పిన రోజుకే తిరిగి వచ్చాడు. కొత్తగా వచ్చినవాళ్ళ బ్యారక్‌లో కొన్నాళ్ళు ఉంచి, తర్వాత మా షెడ్డుకు పంపించారు. చిక్కిపోయాడు. చిన్నమ్మకు ఎట్లున్నది అన్నాను. మెల్లగా నడుస్తున్నదని, మెట్లు దిగి పాలు తెచ్చుకుంటున్నదని చెప్పాడు. ఆ తర్వాత నేను అడగాల్సింది అడగలేక కండెలు చుడుతూ కూర్చున్నాను. ఆయనే అందుకున్నాడు.

"పోయిన దినమే జెప్పిన. మా అత్త మంచం మీద కూసున్నది, నేను కింద కూసున్న. మొత్తం ఇన్నది. ఏడ్వలే. ఒక్కటే అడిగింది."

"ఏమడిగింది?"

"పడ్డంక నా కొడుకు ఏమన్న అన్నడా, అని."

ఆ ప్రశ్న పోలీసులు అడగలేదు. వకీళ్ళు అడగలేదు. మేడం కూడా అడగలేదు.

"అన్నడు," అన్నాడు కాక. "బావా, నీళ్ళు అన్నడు. నేను ఇయ్యలే. కట్టె పట్టుకొని గట్లనే నిలబడ్డ. అది నేను గా మేడంకు గూడ జెప్పలే బిడ్డా. జెప్పాలని పోయిన, నోరు రాలే. ముసలామె అడిగినంక జెప్పిన."

నేను చెయ్యి ఆపాను.

"ఆమె ఏమన్నది?"

"ఏమంటది? లేచి లోపటికి పోయింది. నేను ఉన్నన్ని దినాలు నాతోని మాట్లాడలే. నేను నీళ్ళు తెస్తే తాగలే, బిడ్డతోని తెప్పిచ్చుకునేది." నా చేతిలోని కండె తీసుకున్నాడు. "ఈడికి తిరిగొచ్చే దినం మూట కట్టుకుంటుంటే, ముసలామె తలుపు కాడికొచ్చి నిలబడ్డది. మల్లెప్పుడు ఇడుస్తరు, అని అడిగింది."

"ఎందుకడిగింది కాకా? రావాలెనా, రావొద్దా?"

"నేను గూడ అదే ఆలోచిస్తున్న," అన్నాడు. "తెల్వదు. ఎప్పుడు ఇడిస్తే అప్పుడే వస్త అని జెప్పిన. ఆమె ఇంకేం అన్లే. నేను మెట్లు దిగేదాక ఆడనే ఉన్నది."